46 ఇంజన్ విప్పి బిగించాను, పిస్టన్ అడుక్కొచ్చినప్పుడల్లా టక్ మంటోంది. ఏ వైపు పెట్టాలి?

కొత్తరెక్కలు
సెకండ్ హ్యాండ్‌లో మోడల్ విమానాలకి వాడే 46 గ్లో ఇంజన్ (0.46 క్యూబిక్ అంగుళాలు, అంటే 7.5 సీసీ) ఒకటి దొరికింది. సైడ్ ఎగ్జాస్ట్, కార్బురేటర్ ముందు వైపు, రెండు బేరింగులు. కేసు మీద అక్షరాల్ని ఎవరో ఎమెరీ కాగితంతో రుద్దేశారు, ఏ కంపెనీదో తెలియడం లేదు. ఏళ్ళ తరబడి అటక మీద పడున్న సరుకు. లోపల ఆముదం గడ్డకట్టి అసలు తిరగనే లేదు.

మొత్తం విప్పాను. పిస్టన్ నుంచి రాడ్ కూడా ఊడదీసి, మిథనాల్‌లో రెండు రోజులు నానబెట్టి, టూత్ బ్రష్షుతో తోమి తోమి తళతళలాడించాను. ఫోటోలు తీసుకోలేదు. తిట్టేవాళ్ళు ముందు తిట్టేయండి, తర్వాత సాయం చేయండి.

బిగించాక ప్లగ్ తీసి చేత్తో తిప్పితే పైకి బాగానే వెళ్తోంది. పిస్టన్ అడుక్కి వచ్చినప్పుడు మాత్రం సన్నగా ‘టక్’. చుట్టుకి ఒక్కసారే, గోరుతో స్టీలు గ్లాసు మీద కొట్టినట్టు. పిస్టన్‌కి ముందూ వెనకా ఉంటాయా? గుండ్రంగానే ఉంది కదా?

ఆటోనగర్_బుజ్జి
పిస్టన్ మీద బాణం గుర్తుంటుంది. దాన్ని సైలెన్సర్ వైపు పెట్టు, అయిపోయింది. ఆర్‌ఎక్స్ 100 నుంచి ఆటో దాకా టూ స్ట్రోక్ ఏదైనా అంతే.

కొత్తరెక్కలు
బాణం లేదన్నా. భూతద్దం పెట్టి చూశాను. పిస్టన్ మొత్తం 22 మిల్లీమీటర్లు.

ఆటోనగర్_బుజ్జి
ఆర్‌ఎక్స్‌ది 50. నీది గోళీసోడాలో గోళీ అంత ఉంది, బాణం ఎక్కడ కొడతాడులే.

మిథనాల్_మామ
ఫోటో తీయనందుకు తిట్టడం నా వంతు. ఇంజన్ విప్పేటప్పుడు ఒక చేతిలో స్క్రూడ్రైవర్, ఇంకో చేతిలో ఫోన్ ఉండాలి. కనీసం మార్కర్ పెన్నుతో పిస్టన్ తల మీద ఎగ్జాస్ట్ వైపు ఒక చుక్క పెట్టుకోవాలి. తిట్టడం అయింది.

మసి ఏమైనా మిగిలిందా? ఎగ్జాస్ట్ వైపు స్కర్ట్ (పిస్టన్ కింది గోడ) మీద ఆముదం మాడి గోధుమరంగు మచ్చ పడుతుంది. ఏ వైపో అదే చెప్పేస్తుంది.

కొత్తరెక్కలు
మామా, మచ్చ ఉండేది. అదే ముందు తోమేశాను. దాని కోసమే ఎక్కువసేపు కూర్చున్నాను కూడా.

మిథనాల్_మామ
😑

కంట్రోల్‌లైన్_శాస్త్రి
మచ్చ పోయినా ఫరవాలేదు, మీ పిస్టన్‌లోనే జవాబుంది. గుండ్రంగా ఉన్నది పైభాగం వరకే. దాన్ని బోర్లించి అడుగు అంచు చూడండి. చుట్టూ ఒకే ఎత్తులో ఉండదు. ఒక వైపు నెలవంకలా కోసి ఉంటుంది.

ఆ కోత ఎందుకంటే, పిస్టన్ అడుక్కి దిగినప్పుడు క్రాంక్‌పిన్ (తిరిగే ఇరుసు కొసన రాడ్ తగిలించే పిన్ను) కిందుంటుంది. పిన్‌కి ఎదురుగా క్రాంక్ పళ్ళెం మీదుండే కౌంటర్‌వెయిట్ (ఎదురు బరువు) అదే క్షణంలో పైకి వస్తుంది. ఆ పళ్ళెం రాడ్‌కి ముందు, ప్రొపెల్లర్ వైపున ఉంది కాబట్టి సరిగ్గా పిస్టన్ ముందు అంచు కిందికే వస్తుంది. దానికి దారివ్వడానికే ఆ కోత. అది ముందుకి ఉండాలి. మీది వెనక్కి ఉండి ఉంటుంది, కౌంటర్‌వెయిట్ కోయని అంచుకి తగులుతోంది. ఇంకా తిప్పి తిప్పి చూడకండి. అంచు నలిగి మొన లేస్తే అది లైనర్‌ని, అంటే పిస్టన్ ఆడే గొట్టాన్ని, గీకేస్తుంది.

రెండో ఆనవాలు, స్కర్ట్ పక్కన కిటికీలాంటి కోత ఉంటే అది ఎగ్జాస్ట్‌కి ఎదురు వైపున ఉండాలి. మీ ఇంజన్ ష్నూర్లే పద్ధతిదై ఉంటుంది. అడాల్ఫ్ ష్నూర్లే అనే జర్మన్ ఇంజనీరు 1920లలో కనిపెట్టిన ఏర్పాటు అది. ఎగ్జాస్ట్‌కి అటూ ఇటూ రెండు ట్రాన్స్‌ఫర్ పోర్టులు (కేసులోంచి ఇంధనం, గాలి మిశ్రమాన్ని పైకి పంపే కంతలు), వాటి వెంట మన మోడల్ ఇంజన్లలో ఎగ్జాస్ట్‌కి ఎదురుగా ఇంకో బూస్ట్ పోర్టు. చాలా ఇంజన్లలో ఆ బూస్ట్ పోర్టుకి మిశ్రమం స్కర్ట్ కిటికీ గుండానే వెళ్తుంది. కిటికీ తప్పు వైపుంటే ఆ పోర్టు ఉన్నా లేనట్టే.

కొత్తరెక్కలు
శాస్త్రి గారూ, నెలవంక ఉంది! కిటికీ కూడా ఉంది! బ్యాక్‌ప్లేట్ (కేసు వెనక మూత) తీసి చూస్తే నెలవంక నా వైపే చూస్తోంది, అంటే వెనక్కే పెట్టాను. పిస్టన్నీ రాడ్‌నీ కలిపి సగం చుట్టు తిప్పి పెట్టేస్తే సరిపోతుంది కదా?

గోదారి_గ్లైడర్
ఆ ఇంజన్ రింగుదా, రింగు లేనిదా? అది చెప్పకుండా లైనర్ జోలికి పోకండి. నా 61 రింగుది. రింగు గాడిలో సన్నటి పిన్ను ఉంటుంది, రింగు రెండు కొసలూ దానికి అటూ ఇటూ కూర్చోవాలి. నేను హడావుడిలో కొసని పిన్ను మీద ఎక్కించి లైనర్ దించేశాను. కిటుక్కున చప్పుడైంది. ఆ చప్పుడు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుందండి. రింగు మూడు ముక్కలు.

ఇంకోటి, రింగుది తిరగేసి పెడితే ఆ కొసలు పోర్టు మీదికి వచ్చేస్తాయి. పిస్టన్ కదిలేటప్పుడు కొస పోర్టులోకి ఉబికి, అంచుకి తగులుకుని విరుగుతుంది. అలా జరక్కుండానే పిన్నుని పోర్టుల మధ్య గోడ వైపు పెడతారు.

ఆటోనగర్_బుజ్జి
ఆర్‌ఎక్స్‌లో కూడా ఇదే కథ. రింగు పిన్నులు కార్బురేటర్ వైపుకి, బాణం సైలెన్సర్ వైపుకి. ఎన్ని చూశానో.

కొత్తరెక్కలు
రింగు లేదండీ. నున్నటి అల్యూమినియం పిస్టన్, లోపల తెల్లగా మెరిసే లైనర్.

మిథనాల్_మామ
ఏబీసీ రకం అన్నమాట. అల్యూమినియం పిస్టన్, ఇత్తడి లైనర్, లోపల క్రోమ్ పూత. నికెల్ పూతవి కూడా ఉంటాయి. లైనర్ పైకి వెళ్ళే కొద్దీ సన్నబడుతుంది, కాబట్టి చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి చేరేసరికి పట్టేసినట్టుంటుంది. అది జబ్బు కాదు, అలాగే ఉండాలి. వేడెక్కాక ఇత్తడి ఎక్కువ వ్యాకోచించి సరిపోతుంది. చలికాలం పొద్దున్నే బలవంతంగా తిప్పకండి, హెయిర్ డ్రయ్యర్‌తో నాలుగు నిమిషాలు వెచ్చబెట్టి తిప్పండి.

రింగు లేని వాటికి వైపు ఇంకా ముఖ్యం. ఆ పిస్టనూ ఆ లైనరూ ఒకదాన్నొకటి రాసుకుని అరిగి కుదిరిన జంట. తిరగేసి పెడితే కంప్రెషన్ కొంత పోవచ్చు.

డాలస్_049
నా కాక్స్ 049కి ఈ బాధే లేదు. పిస్టన్‌లో రాడ్ కొస గుండులా, గుంటలో కూర్చుని ఉంటుంది. పిస్టన్ దాని మీద బొంగరంలా ఎటైనా తిరుగుతుంది. ముందూ వెనకా అనే మాటే లేదు. గుంట అరిగి వదులైతే చిన్న పనిముట్టుతో కొట్టి బిగించుకోవడమే.

గోదారి_గ్లైడర్
049 అంటే 0.8 సీసీ. మా ఊళ్ళో దోమలు అంతకన్నా గట్టిగా మోగుతాయండి.

డాలస్_049
ఒకసారి నా వేలికి తగిలింది. దోమ కుడితే మూడు కుట్లు పడవు.

లేత్_వెంకట్
అందరూ పిస్టన్ దగ్గరే ఆగిపోయారు. రాడ్ సంగతో? బిగ్ ఎండ్‌కి, అంటే రాడ్ కింది కొసకి, పక్కగా ఒక చిన్న ఆయిల్ రంధ్రం ఉంటుంది. క్రాంక్ తిరిగే దిక్కుకి ఆ రంధ్రం ముందుండాలి. చేదలా నూనెని తోడుకుంటుంది. నా ఇంజన్లన్నీ అలాగే పెట్టాను, ఒక్కటీ పట్టెయ్యలేదు.

కంట్రోల్‌లైన్_శాస్త్రి
అలాగే తిరగేసి పెట్టి పట్టెయ్యని ఇంజన్లు నా దగ్గరా ఉన్నాయి వెంకట్ గారూ. చేద కథ వినడానికి బాగుంటుంది. మామూలు ఫుల్ థ్రాటిల్‌లో నిమిషానికి 12,000 చుట్లు, అంటే సెకనుకి 200. కేసు లోపలంతా నూనె మంచే. రంధ్రం ఏ వైపున్నా తడుస్తుంది.

చూడవలసింది బరువు ఎక్కడ పడుతుందని. పేలుడు పిస్టన్‌ని కిందికి తోస్తే రాడ్ వెళ్ళి క్రాంక్‌పిన్‌ని నొక్కుతుంది. నలిగేది బుష్ (రాడ్ కంతలోని లోహపు గొట్టం) పైసగం. కింది సగానికి అంత పని లేదు, అక్కడ సన్నటి సందు ఉంటుంది, నూనె దూరేదీ అక్కడే. అందుకే చాలామంది రంధ్రం కిందే పెడతారు. సరిగ్గా కింద మధ్యలో ఉంటే ఎటు తిప్పినా ఒకటే.

లేత్_వెంకట్
కొన్ని కంపెనీలు పక్కకి ఎందుకు పెట్టాయి మరి? సరదాకా?

కంట్రోల్‌లైన్_శాస్త్రి
వాళ్ళు ఏ వైపు చెప్తే ఆ వైపు పెట్టడమే. ఈ ఇంజన్‌కి కాగితం లేదు, కేసు మీద పేరే లేదు. లేని కాగితం గురించి మనిద్దరం వాదించుకుని ఏం లాభం?

లేత్_వెంకట్
వాదన కాదు సార్, అనుభవం.

నల్గొండ_పిల్లగాడు
మా తాన ఆముదాలు మస్తు పండుతయి. గానుగల తీసిన ఆముదం పోస్తే నడుస్తదా అన్నా? బయట కొనుడు ఎందుకని అడుగుతున్న.

మిథనాల్_మామ
వద్దు తమ్ముడూ. జిగురు తీసి శుద్ధి చేసిందే వాడాలి. గానుగ నూనెలో మడ్డి ఎక్కువ, కార్బురేటర్ సూదిని మూసేస్తుంది. నైట్రో (ఇంధనంలో కలిపే నైట్రోమీథేన్) మన దగ్గర దొరకడం కష్టం కాబట్టి నేను 80 పాళ్ళు మిథనాల్, 20 పాళ్ళు శుద్ధి చేసిన ఆముదం కలుపుతాను. మిథనాల్ విషం. చేతికి గ్లోవ్స్, గదిలో కిటికీ తెరిచి. పగటి వెలుగులో దాని మంట కూడా సరిగా కనబడదు.

నల్గొండ_పిల్లగాడు
సమజైంది. మా నాయినమ్మ గిన్నె నిండ ఇచ్చింది, ఇగ నెత్తికి పెట్టుకుంట.

కొత్తరెక్కలు
పొద్దుటి నుంచి ఇదే పని. మీరు చెప్పినట్టే మొత్తం సగం చుట్టు తిప్పి పెట్టాను. నెలవంక ముందుకి, కిటికీ ఎగ్జాస్ట్‌కి ఎదురుగా. టక్ పోయింది!

కానీ ఇప్పుడు కొత్త రోగం. బ్యాక్‌ప్లేట్ నాలుగు స్క్రూలూ బిగిస్తే ఇంజన్ బరువుగా తిరుగుతోంది. వదులు చేస్తే హాయిగా తిరుగుతోంది. ఇందాక పిస్టన్ తిరగేసి ఉన్నప్పుడు ఈ బరువు లేదు, టక్ ఒక్కటే ఉండేది. గాస్కెట్ సన్నదైందా? ఇంకోటి వెయ్యనా?

ఆటోనగర్_బుజ్జి
గాస్కెట్ వేసి సర్దెయ్ తమ్ముడూ, మా దగ్గర అంతే.

కంట్రోల్‌లైన్_శాస్త్రి
వెయ్యకండి! బుజ్జి గారూ, మీరూ ఆగండి.

ఇప్పుడు రాడ్ తిరగబడింది. మొదటి పోస్టులో పిస్టన్ నుంచి రాడ్ ఊడదీశానన్నారు కదా, చిక్కు అక్కడే పడింది. పిస్టన్‌ని రాడ్ మీద రెండు రకాలుగా పెట్టొచ్చు, రాడ్‌ని క్రాంక్ మీద రెండు రకాలుగా పెట్టొచ్చు. మొత్తం నాలుగు. సరైంది ఒక్కటే. మొదట మీది పిస్టన్ తప్పు, రాడ్ ఒప్పు. జంటని అలాగే తిప్పారు కాబట్టి పిస్టన్ ఒప్పై, రాడ్ తప్పైంది.

రాడ్‌కి ముందూ వెనకా ఎందుకంటే, క్రాంక్‌పిన్ పళ్ళెంలోంచి మొలిచే చోట చదునైన మూల ఉండదు. విరక్కుండా చిన్న వంపుతో కలుపుతారు. ఆ వంపుకి తగలకుండా బుష్ అంచుని ఆ వైపు కాస్త ఎక్కువ చెక్కుతారు. చెక్కిన వైపు పళ్ళెం వైపుకి, అంటే ముందుకి ఉండాలి. తిరగేస్తే వాడి అంచు వచ్చి ఆ వంపు మీద కూర్చుంటుంది, రాడ్ పిన్ను మీద పూర్తిగా ముందుకి జరగలేక వెనక్కి వస్తుంది, వెనక బ్యాక్‌ప్లేట్‌కి రాసుకుంటుంది. మీకు స్క్రూలు బిగిస్తే బరువెక్కడం అందుకే. గాస్కెట్ వేస్తే రాపిడి కనిపించకుండా పోతుందేమో గానీ వంపు మీద అంచు అరుగుతూనే ఉంటుంది. ఇంకోటి, గాస్కెట్ లావెక్కితే కేసు లోపలి ఖాళీ కూడా పెరుగుతుంది.

ఆటోనగర్_బుజ్జి
సరే సరే. నేను చెప్పింది స్కూటర్‌కి.

కొత్తరెక్కలు
చెక్కిన వైపు ఏదో ఎలా తెలుసుకోవాలి? చూస్తే రెండు వైపులా ఒకేలా ఉంది.

లేత్_వెంకట్
కంటితో కాదు, గోరుతో. బొటనవేలి గోరుని బుష్ లోపలి నుంచి బయటికి లాగు. చెక్కిన వైపు గోరు జారుకుంటూ బయటికొస్తుంది, చెక్కని వైపు అంచుకి తగులుకుంటుంది. దుమ్ము లేకుండా తుడిచి చూడు. నాలుగుసార్లు చేస్తే చేతికే తెలుస్తుంది. అప్పటికీ అర్థం కాకపోతే కాగితపు చుట్టకి ఇంకు పూసి బుష్‌లోంచి దూర్చు, అంచు ముద్ర ఏ వైపు వెడల్పుగా పడిందో చూడు.

కంట్రోల్‌లైన్_శాస్త్రి
ఇది నాకు తెలియని చిట్కా. బాగుంది వెంకట్ గారూ.

లేత్_వెంకట్
మరి ఆయిల్ రంధ్రం?

కంట్రోల్‌లైన్_శాస్త్రి
ఇప్పుడు ఆ గొడవే అక్కర్లేదు. రాడ్‌ని తిప్పితే ముందూ వెనకా మారినప్పుడే కుడీ ఎడమా కూడా మారతాయి. అంచు చెక్కిన వైపుని పళ్ళేనికి పెడితే రంధ్రం ఎక్కడికి రావాలో దానంతటదే అక్కడికి వస్తుంది. తయారుచేసినవాడి మనసులో ఏముందో అంచే చెప్పేస్తుంది. మీది సరైనా నాది సరైనా ఇంజన్‌కి ఒకటే.

లేత్_వెంకట్
😀 ఒప్పుకున్నా. రెండు వైపులా ఒకేలా చెక్కిన రాడ్ వచ్చినప్పుడు మళ్ళీ మొదలెడదాం.

మిథనాల్_మామ
కొత్తరెక్కలూ, మళ్ళీ లైనర్ తీయాలి కదా. ఎగ్జాస్ట్‌లోంచి స్క్రూడ్రైవర్ పెట్టి లేపకు, దండం పెడతాను. కేసుని వెచ్చబెట్టు. నైలాన్ కేబుల్ టై ముక్క ఒకటి ఎగ్జాస్ట్ పోర్టులో దూర్చి, పిస్టన్ తలకీ పోర్టు పై అంచుకీ మధ్య ఉంచి, ప్రొపెల్లర్ మెల్లగా తిప్పు. పిస్టనే లైనర్‌ని పైకి నెడుతుంది. పైన పెదవి దగ్గర చిన్న గాడి ఉంటుంది, కేసులోని పిన్ను అందులోకి రావాలి. పెట్టేటప్పుడు అది చూసుకో, లేకపోతే పోర్టులన్నీ పక్కకి వెళ్ళిపోతాయి.

వరస గుర్తుందిగా. ముందు పిస్టనూ రాడూ పైనుంచి దించి, బిగ్ ఎండ్‌ని వెనక నుంచి క్రాంక్‌పిన్ మీదికి తోసి, ఆ తర్వాత పిస్టన్ మీదుగా లైనర్ దించాలి.

డాలస్_049
సర్‌క్లిప్ (పిస్టన్‌నీ రాడ్‌నీ కలిపే గడ్జన్ పిన్ జారకుండా పట్టే క్లిప్పు) తీసేటప్పుడు ఇంజన్‌ని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు సంచిలోకి దూర్చి తియ్యి. నేను చెప్పానని గుర్తుంచుకో.

గోదారి_గ్లైడర్
గడ్జన్ పిన్ క్లిప్పు ఒకసారి ఎగిరితే అది ఆ ఇంటి పునాదుల్లోకి వెళ్ళిపోతుందండి. మా ఇల్లు కడిగినప్పుడల్లా వెతుకుతున్నాం. కొత్త క్లిప్పు వెయ్యడమే మంచిది. పాతది ఒకసారి వంచి తీశాక పట్టు తగ్గుతుంది. నడిచే ఇంజన్‌లో ఊడితే లైనర్ నిలువునా చారలు పడుతుంది.

బ్రష్‌లెస్_బాబు
నాలుగు రోజులుగా చదువుతున్నాను. మూడు వైర్లు కలిపితే తిరిగే మోటార్లు వచ్చాయి తెలుసా? తప్పు దిక్కుకి తిరిగితే ఏవైనా రెండు వైర్లు మార్చడమే. నెలవంకా లేదు, గోరూ లేదు.

మిథనాల్_మామ
నీ విమానం ఎగిరి దిగాక చేతులు వాసన చూసుకో. ఏమీ రాదు. అదీ ఒక బతుకేనా?

బ్రష్‌లెస్_బాబు
మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానిస్తుంది మామా.

కంట్రోల్‌లైన్_శాస్త్రి
అతను క్లిప్పులతో కుస్తీ పట్టేలోపు నా అవమానం ఒకటి చెప్పుకుంటాను.

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్న రోజులు. మాకిచ్చింది ఒక జపాన్ 09, చిన్నది, 1.5 సీసీ. పాతకాలపు అడ్డగోడ పిస్టన్. అంటే పిస్టన్ తల మీద ఒక గోడ లేచి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ పోర్టు నుంచి వచ్చిన మిశ్రమం నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పారిపోకుండా ఆ గోడ దాన్ని పైకి మళ్ళిస్తుంది. గోడ నిటారుగా ఉన్న ముఖం ట్రాన్స్‌ఫర్ వైపు, వాలుగా ఉన్నది ఎగ్జాస్ట్ వైపు. హెడ్‌లో ఆ గోడ దూరడానికి ఒక పక్కకి గాడి ఉంటుంది.

రేపు పోటీ అనగా రాత్రి నేను దాన్ని శుభ్రం చేసి తిరగేసి బిగించాను. తిప్పితే పైన అడ్డుపడింది. గోడ గాడిలోకి పోకుండా హెడ్‌కి తగులుతోంది. నాకది తెలియక, హెడ్ సరిగా కూర్చోలేదనుకుని గాస్కెట్లు రెండు పెట్టి బిగించాను. (బుజ్జి గారూ, మీ మందు నేనూ వాడినవాణ్ణే.) తిరిగింది! పొద్దున గ్రౌండ్‌లో అంటుకుంది కూడా. దగ్గుతూ, సగం ఇంధనం ఎగ్జాస్ట్‌లోంచి పచ్చిగా కక్కుతూ, వేలు పెట్టలేనంత వేడెక్కి, ముప్పై లెక్కపెట్టేలోపు ఆగిపోయింది. విమానాన్ని నడిపే రెండు తీగలు పట్టుకుని మైదానం మధ్యలో నిలబడ్డాను, విమానం చక్రాల మీద నుంచి లేవలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

మా ఇన్‌స్ట్రక్టర్ హెడ్ విప్పి, గోడ మీద చిన్న మెరుపు గీత చూపించి ఒక్క మాటా అనలేదు. పిస్టన్ తీసి నా జేబులో వేసి వెళ్ళిపోయారు.

నల్గొండ_పిల్లగాడు
తర్వాత ఏమైంది సార్?

కంట్రోల్‌లైన్_శాస్త్రి
రాత్రంతా కూర్చుని సరిగ్గా బిగించాను. పోటీ అప్పటికే అయిపోయింది.

గోదారి_గ్లైడర్
అరిగిన గుర్తులతో కూడా వైపు తెలుస్తుందంటారు. ఎవరైనా చెప్పండి.

లేత్_వెంకట్
తెలుస్తుంది. ముందు నుంచి చూస్తే మన ఇంజన్ అపసవ్యంగా తిరుగుతుంది కదా. పేలాక క్రాంక్‌పిన్ చూసేవాడి ఎడమకి దిగుతుంది, రాడ్ వాలుతుంది, వాలిన రాడ్ పిస్టన్‌ని కుడి గోడకేసి నొక్కుతుంది. సైడ్ ఎగ్జాస్ట్ మామూలుగా చూసేవాడి ఎడమకి ఉంటుంది. కాబట్టి ఎగ్జాస్ట్‌కి ఎదురు వైపు స్కర్ట్ ఎక్కువ నునుపు తేలుతుంది. కావాలనే అలా పెట్టారు, పెద్ద కంత ఉన్న గోడ మీద బరువు పడకూడదని. మచ్చ తోమేసినా ఆ నునుపు పోదు. వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడాలి.

మిథనాల్_మామ
ఇది ఎలా మర్చిపోయాను! ఇంజన్ విప్పిన ప్రతిసారీ చూసేదే.

కొత్తరెక్కలు
అయిపోయింది అయిపోయింది అయిపోయింది.

వరసగా చెప్తాను. గోరు పరీక్ష పనిచేసింది. ఒక వైపు జారింది, ఇంకో వైపు గోరు టక్కున ఆగింది. మూడుసార్లు అనుమానపడి చెల్లెలి చేత కూడా చేయించాను, తనూ అదే వైపు చూపించింది. స్కర్ట్ నునుపు కూడా వెంకట్ గారు చెప్పిన వైపే ఉంది, కిటికీ ఉన్న వైపే. క్లిప్పు సంచిలోనే తీశాను, ఎగిరింది, సంచిలోనే పడింది. డాలస్ అన్నా, నీ కాళ్ళకి దండం. రాణీగంజ్‌లో నాలుగు షాపులు తిరిగి ఆ సైజు క్లిప్పులు తెచ్చాను.

రాడ్ మార్చి, నెలవంక ముందుకి పెట్టి, పిన్నుకీ బుష్‌కీ ఆముదం చుక్కలు వేసి బిగించాను. నాలుగు స్క్రూలూ బిగించాక కూడా వెన్నలా తిరిగింది. పైన మాత్రం మామ చెప్పినట్టు గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం మేడ మీద చెక్కకి బిగించి 11 బై 6 ప్రొపెల్లర్‌తో స్టార్ట్ చేశాను. ఏడో తోపుకి అంటుకుంది. సూది రెండు చుట్లు తెరిచి ఉంచాను, తెల్లటి పొగ, చొక్కా నిండా ఆముదం. కింద ఇంటాయన పైకొచ్చి తిట్టడానికి నోరు తెరిచి, ఐదు నిమిషాలు నిలబడి చూసి, ఎంతవుతుంది ఇది అని అడిగి వెళ్ళాడు.

ఆటోనగర్_బుజ్జి
శభాష్. సౌండ్ ఎలా ఉంది?

కొత్తరెక్కలు
పిచ్చెక్కిపోయాను అన్నా. కాకపోతే కొంచెం పదునుగా ఉంది. నెమ్మదిగా ఉన్నప్పుడు బానే ఉంది, పూర్తిగా తెరిస్తే వేపుడులో ఆవాలు చిటపటలాడినట్టు వస్తోంది.

మిథనాల్_మామ
ఆగు. చిటపటా? ఆపేసి, ఇంధనం మొత్తం కాల్చేసి, ఆఫ్టర్ రన్ ఆయిల్ (నడిపి ఆపాక వేసే నూనె) వేశావా? మిథనాల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, రాత్రికి రాత్రే బేరింగులు తుప్పు పడతాయి.

కొత్తరెక్కలు
వేశాను మామా. అది కాక ఒక చిన్న ప్రశ్న. టేబుల్ తుడుస్తుంటే ఒక సన్నటి ఇత్తడి రంగు రేకు ఉంగరం కనిపించింది. జుట్టు కన్నా కాస్త లావు, పిస్టన్ అంత చుట్టుకొలత. ఇది ప్యాకింగ్‌లోదా?

లేత్_వెంకట్
🤦

కంట్రోల్‌లైన్_శాస్త్రి
అది హెడ్ షిమ్ నాయనా. హెడ్‌కీ లైనర్‌కీ మధ్య ఉండాలి. అది లేకే కంప్రెషన్ పెరిగింది, ఆవాలు చిటపటలాడాయి.

డాలస్_049
నైట్రో లేని ఇంధనమైతే కొంతమంది కావాలనే షిమ్ తీసేస్తారు. పోనీ అలాగే నడపొచ్చు కదా?

మిథనాల్_మామ
చిటపట లేకపోతే నేనూ అదే అనేవాణ్ణి. వస్తోందంటున్నాడు కాబట్టి వెయ్యాల్సిందే.

కొత్తరెక్కలు
అంటే మళ్ళీ విప్పాలా?

కంట్రోల్‌లైన్_శాస్త్రి
హెడ్ ఒక్కటే. ఆరు స్క్రూలు. ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. ఈసారి పిస్టన్ జోలికి మాత్రం వెళ్ళకండి.

మిథనాల్_మామ
ముందు ఫోటో తియ్యి.